మెత్తబడిన బ్రేకు

మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఆయన కారు వయసులో ఆయన కంటే రెండేళ్లే చిన్నది. దాని బ్రేకు ఒకసారి తొక్కితే పిండిలో కాలు పెట్టినట్టు దిగిపోయేది, రెండోసారికి గానీ పట్టేది కాదు. మాకది అలవాటే.

ఒకరోజు మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఆ కారు తీసుకెళ్లి వీధి చివర రొట్టెల దుకాణం గోడకు గుద్దాడు. మనిషికేం కాలేదు, ముందు లైటు పగిలింది.

"రెండుసార్లు తొక్కాలని తెలిసి కూడానా!" అన్నాడు నాన్న.

"నాకెవరు చెప్పారు బావా?"

మాటకు మాట పెరిగి, అసలు సంగతి పక్కకు పోయి, పదేళ్ల కిందటి పెళ్లిలో ఎవరు ఎవరిని పలకరించలేదన్నదాకా వెళ్లింది. అంతే, ఏడు నెలలు మాటల్లేవు. మామయ్య బస్సు డ్రైవరు. రోజూ మా వీధిలోంచే వెళ్తూ, మా గుమ్మం రాగానే రోడ్డు మీద మరీ శ్రద్ధ పెట్టేవాడు.

ఈలోగా బ్రేకు ఇంకా మెత్తబడింది. గొట్టాల్లో గాలి చేరిందని నాన్నకు తెలుసు. అది తీయడం ఒక్కడి వల్ల కాదు. ఒకరు లోపల కూర్చుని తొక్కిపట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర విప్పి బిగించాలి. అమ్మ వెళ్లి తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"తొక్కండి," అన్నాడు మామయ్య చక్రం పక్కన కూలబడి. నువ్వు కాస్తా మీరైంది.

"తొక్కాను."

మరకు తగిలించిన సన్న గొట్టంలోంచి కింద పెట్టిన సీసాలోకి బుడగలు వచ్చాయి. మర బిగించకముందే నాన్న కాలు తీసేశాడు. పోయిన గాలి మళ్లీ లోపలికి చేరింది.

"అప్పుడే ఎందుకు వదిలావు బావా? నీకన్నీ తొందరే! ఆరోజూ అంతే, తాళాలు అక్కకిచ్చి వెళ్లిపోయావు!"

"చెప్పమని చెప్పే ఇచ్చానురా!"

ఇద్దరూ అమ్మ వైపు తిరిగారు.

"నాకే చెప్పారు," అంది అమ్మ. "వీడికి చెప్పడం మరిచిపోయాను. తర్వాత చెబుదామంటే ఇద్దరూ పులుల్లా ఉన్నారు."

"ఏడు నెలలా అక్కా?"

"రోజూ అనుకుంటూనే ఉన్నాను."

ముందు నాన్నకు నవ్వొచ్చింది. మామయ్య చక్రానికి వీపు ఆనించి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. సాయంత్రానికి నాలుగు చక్రాలూ అయ్యాయి. బ్రేకు రాయిలా నిలబడింది.

ఆ కారు మరో తొమ్మిదేళ్లు మాతో ఉంది. ఏటా ఒక ఆదివారం, అవసరమున్నా లేకపోయినా, మామయ్య చొక్కా చేతులు మడుచుకుని వచ్చేవాడు. మధ్యాహ్నం వాకిట్లో "తొక్కు బావా", "తొక్కానురా" అని కేకలు. పని గంటలో అయిపోయేది. వాళ్లు మాత్రం చీకటి పడేదాకా లేచేవాళ్లు కాదు.