రాజీ బెంచీ

దొంగసొత్తుగా పుట్టి పోలీసుల పంచకే చేరిన టేకు బెంచీని నేను. నవ్వకండి, నిజం! లారీలో దొంగతనంగా పోతున్న దుంగను ఫారెస్టువాళ్లు పట్టుకున్నారు, కేసు ఏళ్ల తరబడి సాగింది, ఆఖరికి ఎవరికీ కాకుండా పోయిన నన్ను చిత్రిక పట్టి ఈ చిన్న టౌను స్టేషన్‌కి పంపారు. ముగ్గురు దర్జాగా కూర్చునేంత పొడుగు, ఎంత బరువు పడినా కిర్రుమనని కాళ్లు. నా మీద జేబుదొంగలు కునికారు, ఫోన్ పోగొట్టుకున్న కాలేజీ పిల్లలు ఏడ్చారు, ఒకరి కోడి పక్కింటివాళ్ల పెరట్లో పెట్టిన గుడ్డు ఎవరిదవుతుందని ఇద్దరు పెద్దమనుషులు పొద్దంతా వాదించుకుని, మధ్యాహ్నానికి ఒకే టీని పంచుకుని తాగారు. మనుషుల మీద నాకు ప్రేమ పుట్టింది అలాగే.

తర్వాత ఎస్సై నర్సింగరావు వచ్చాడు. మంచివాడు, ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు ఇప్పిస్తాడు. కానీ ఆయనకో అలవాటు ఉండేది. మొగుడు కొట్టాడని ఏ ఆడమనిషి వచ్చినా, కాగితం ముట్టుకోకముందే ఆ మొగుడికి ఫోను చేయించేవాడు. వాడు రాగానే ఇద్దరినీ నా మీద పక్కపక్కన కూర్చోబెట్టేవాడు.

“ఒక్క దిక్కు కూసుంటే సగం కోపం ఆడ్నే కరుగుతది,” అనేవాడు.

పది నిమిషాల తర్వాత “ఏమైందమ్మా?” అని అడిగితే ఆమె “ఏం లేదు సార్” అనేది. సంతకాలు, నమస్కారాలు, అందరూ ఇంటికి. ఎస్సై మురిసిపోయేవాడు, నేనూ మురిసిపోయేదాన్ని! నాకు రాజీ బెంచీ అని పేరు కూడా పెట్టారు. ఎన్ని కాపురాలు నిలబెట్టానో అనుకుంటూ ఒళ్లంతా పొంగిపోయేదాన్ని. చెక్కబుద్ధి అంటే అదే మరి.

అలాంటి రోజుల్లో సుగుణ వచ్చింది. స్కూలు యూనిఫారాలు కుట్టే సెంటర్లో పనిచేస్తుంది. కంటి కింద వాపు. కాసేపటికి ఆమె భర్త తిరుమలేశ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా దండం పెట్టుకుంటూ వచ్చి, ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె కొంగు వాడి కింద పడింది. పొరపాటున పడిందనుకున్నాను. “బాత్‌రూంల జారిన సార్,” అంది సుగుణ. రాజీ!

రెండోసారి మణికట్టు వాచింది. మళ్లీ వాడు, మళ్లీ కొంగు మీదే. ఈసారి కూర్చునే ముందు కొంగును చేత్తో తన వైపు లాక్కోవడం నాకు తెలిసింది. ఆమె కదలబోతే ఇంకాస్త బరువు వేశాడు. నా ఒంటికి, వాడి ఒంటికి మధ్య ఆ చీర బిగుసుకుపోయింది. అరవాలనిపించింది, బెంచీకి నోరెక్కడిది!

మూడోసారి ఆమె ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది, ఎడమ చేతికి పిండికట్టుతో. కొత్తగా బదిలీ మీద వచ్చిన హెడ్ కానిస్టేబుల్ మణెమ్మ చెవి దగ్గరికి వంగి చెప్పింది.

“అక్కా, ఈసారన్న రాసుకోండ్రి. మళ్లొస్తనో రానో.”

మణెమ్మ కాగితం తీసేలోపే ఎస్సై అలవాటుగా ఫోను చేయించేశాడు. తిరుమలేశ్ నవ్వుతూ దిగాడు.

“మా ఆమెకు జర తిక్క సార్. టీవీ సీరియళ్లు ఎక్కువ సూస్తది.”

కూర్చున్నాడు. కొంగు వాడి కింద.

“చెప్పమ్మా, ఏమైంది?” అన్నాడు ఎస్సై.

సుగుణ పెదవులు కదిలాయి. “ఏం...” దగ్గరే ఆగిపోయాయి. తర్వాతి మాట నాకు తెలుసు, నా మీద కూర్చున్న ఆడవాళ్ల నోట ఎన్నోసార్లు విన్నాను.

“సుగుణా, ఇట్ల రా బిడ్డా, నీళ్లు తాగు,” అని మణెమ్మ గ్లాసు పట్టుకుని పిలిచింది.

సుగుణ సగం లేచి అలాగే వంగిపోయింది. భుజం మీద చీర తాడులా లాగింది. మణెమ్మ చూపు కిందికి దిగింది.

“లెవ్వు.”

“నేనా మేడం?”

“నువ్వే. కొంగు మీదికెళ్లి లెవ్వు!”

వాడు లేచాడు. నలిగిన కొంగు మీద చెమట మరక. మణెమ్మ ఎస్సై వైపు తిరిగింది.

“సార్, ఇన్ని దినాలు మనం ఈమెను అడిగినమనుకున్నం. జవాబు చెప్పింది ఈడు.”

ఎస్సై చేత్తో లోపలి గది వైపు చూపించాడు. మణెమ్మ సుగుణను కంప్యూటర్ గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. గంటన్నర సేపు టైపు చప్పుడు ఆగలేదు, ఆ చప్పుడు నాకెంత తియ్యగా ఉందో! కేసు కట్టారు. గృహహింస కేసులు చూసే రక్షణాధికారి సాయంత్రానికే వచ్చి తన రిపోర్టు రాసుకుంది. నాలుగు రోజులకు కోర్టు ఆర్డరు వచ్చింది: తిరుమలేశ్ ఆ ఇంటి గడప తొక్కకూడదు, కుట్టు సెంటరు దరిదాపుల్లో కనపడకూడదు. తాళంచెవి సుగుణది.

ఎస్సై పాత రాజీ కాగితాల కట్ట దించుకుని చాలాసేపు చూశాడు. మొగుళ్లు ఇంట్లో లేని వేళ కనుక్కుని, ఆ ఆడవాళ్లందరికీ మణెమ్మ చేత ఫోన్లు చేయించాడు. కొందరు వచ్చారు. కొందరు ఫోను ఎత్తనే లేదు. ఆ ఎత్తనివాళ్లను తలుచుకుంటే నా పేరు నాకే గుచ్చుకుంటుంది.

ఆ వారంలోనే ఇంకో జంట వచ్చింది. ఎస్సై నోరు అలవాటుగా “ఆడ కూసోబెట్టు...” అనేసి నాలుక కరుచుకుంది. మర్నాడు మణెమ్మ వడ్రంగిని పిలిపించింది.

“నడిమిట్ల కొయ్యి.”

“గవర్నమెంటు ఆస్తి మణెమ్మా!” అన్నాడు ఎస్సై.

“ఆస్తి ఏడికి పోతది సార్, ఈడ్నే ఉంటది. కొత్త కాళ్ల పైసలు నేనిస్త.”

“నువ్వెందుకు, నేనే ఇస్త తియ్యి,” అని ఆయనే వచ్చి ఒక కొస పట్టుకున్నాడు.

రంపం దిగుతుంటే నొప్పి లేకపోలేదు, అయినా కదలకుండా ఉన్నాను. ఇప్పుడు సగం నేను బయట వరండాలో ఉన్నాను, పిలిచేదాకా మొగుళ్లు అక్కడ కూర్చోవాలి. మిగతా సగం లోపల గదిలో, మణెమ్మ కుర్చీకి ఎదురుగా. ఈ పొద్దున ఒకామె వచ్చి, అటూ ఇటూ చూసుకుంటూ నా అంచున కూర్చుంది. మణెమ్మ తలుపు మూసింది. ఆమె మెల్లగా వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. లోపలి నా మీద ఒక్కరికే చోటుంది.