కాలవ చివరివాళ్ళు

ఆదిలక్ష్మి సాగర్ చూడటానికి బయల్దేరిందే గాని, వద్దని తేల్చి చెప్పి రావాలన్నదే ఆమె ఉద్దేశం. నిజాంపట్నం వైపు, కాలవ చిట్టచివర, పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన రెండెకరాల మాగాణి ఆమెకుంది. దాన్ని అమ్మేసి సాగర్ కుడికాలవ కింద ఆరెకరాలు కొందామని భర్త దశరథరామయ్య ఏడాదిగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు. పొలం ఆమె పేరున ఉంది. ఆమె ఊఁ అనందే గట్టు మీది గడ్డిపరక కూడా కదలదు.

"ఒక్కసారి ఆ డ్యాం చూడవే. చూశాక కూడా వద్దంటే, మళ్ళీ ఆ మాటెత్తితే ఒట్టు," అన్నాడాయన చివరికి.

నూర్పిళ్ళయ్యాక ఊళ్ళోవాళ్ళు రేపల్లె నుంచి ఒక బస్సు మాట్లాడారు. అత్తగారు సీతారావమ్మ పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. తెనాలి, గుంటూరు, నరసరావుపేట దాటాక పచ్చదనం పలచబడి రాళ్ళూ కంపచెట్లూ మొదలయ్యాయి.

"ఈ రాళ్ళల్లోనా ఒరేయ్ మనం కాపురం పెట్టేది?" అని అత్తగారు అడుగుతుంటే ఆదిలక్ష్మికి లోలోపల సంతోషమే వేసింది.

మాచర్లలో ఆమె పిన్ని కొడుకు బసవేశ్వరరావు ఎక్కాడు. ఆ ఆరెకరాల బేరం తెచ్చింది అతనే.

"ఏం బావా, మొత్తానికి అక్కను కదిలించావే!"

"కదిలింది బస్సురా, మీ అక్క కాదు," అన్నాడు దశరథరామయ్య.

బస్సంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే మలుపు తిరిగింది. ఎదురుగా డ్యాం.

బెజవాడ బ్యారేజీలాంటిదే, ఇంకొంచెం పెద్దదేమో అనుకుంది ఆదిలక్ష్మి. ఇది ఆ లెక్కలోది కాదు. ఈ కొండ చెయ్యి చాపి ఆ కొండను పట్టుకున్నట్టు ఒకటే రాతిగోడ. పైన ఇనుప తలుపులు బిగించే పని ఇంకా సాగుతూనే ఉంది. అక్కడ తిరిగే మనుషులు ధాన్యం గాదె మీద చీమల్లా ఉన్నారు. గోడ వెనక నీళ్ళు. సముద్రం ఆమె పుట్టినప్పటి నుంచీ ఎరిగిందే. దానికి కుదురుండదు, వస్తుంది, పోతుంది, అరుస్తుంది. ఇవి మనుషులు నిలబెట్టిన నీళ్ళు. చప్పుడు లేకుండా కొండల నడుముల దాకా నిండి ఉన్నాయి.

"ఇదంతా చేతుల మీద లేచిందే అక్కా," అన్నాడు బసవేశ్వరరావు. "తట్టలు మోసిన ఆడకూలీలే వేలమంది."

ఆమె గోడ మొదట్లో రాతి మీద అరచెయ్యి ఆనించింది. ఎండకు వెచ్చగా ఉంది. పెళ్ళిపందిట్లో గుండిగ దించటానికే నడుం పట్టేసే తనకు, ఇన్ని రాళ్ళెత్తిన నెత్తులు ఎలాంటివో ఊహకందలేదు. ఎవరూ చూడకుండా ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది.

భోజనాలకు పార్కులో కూర్చున్నారు. సీతారావమ్మ మాత్రం గడ్డి మీద కాలు పెట్టనంది.

"ఎవరి చేనో ఏంటో! తొక్కితే ఊరుకుంటారా?"

"చేను కాదమ్మా, చూట్టానికి పెంచిన గడ్డి. కూర్చోండి," అన్నాడు తోటమాలి.

"చూట్టానికా? రోజూ నీళ్ళు పెట్టి? గేదెల్ని తోలరూ?"

"తోలితే నా ఉద్యోగం పోద్దమ్మా."

"పోనీ కోసి నాకో మోపు ఇవ్వు నాయనా," అందావిడ. తోటమాలి నవ్వుతూ ఆవిడ పెట్టిన పులిహోర ఆకులో పట్టించుకున్నాడు.

సాయంత్రం లాంచీలో నీళ్ళ మధ్యనున్న కొండ చూసి తిరిగొచ్చి రేవులో దిగారు. ఆదిలక్ష్మి చివరి మెట్టు మీద వంగి దోసెడు నీళ్ళు తీసుకుంది. తాగలేదు. నాలిక కొసను తగిలించి, ఆగి, ఉమ్మేసింది. రేవులో నిలబడ్డవాళ్ళు గొల్లున నవ్వారు.

"ఏంటక్కా, కృష్ణలో ఉప్పు చూస్తున్నావా?" అన్నాడు బసవేశ్వరరావు.

"నవ్వమాక అబ్బాయ్," అంది సీతారావమ్మ. "వేసవొస్తే మా మురుగుకాలవలోకి సముద్రం ఎగదన్నుతుంది. చంటిపిల్లకు నీళ్ళు పోయాలన్నా ముందు నాలికనే అడగాలి మేం."

ఆదిలక్ష్మి రెండో దోసెడు మింగింది. తియ్యగా ఉన్నాయి. మూడో దోసెడు కూడా తాగింది. వద్దని చెప్పటానికి ఇంటి దగ్గర నుంచి మూటగట్టుకొచ్చిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఈ నీళ్ళు తన మడిలో నిలబడితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. అలా అనిపించినందుకు ఆమెకే భయం వేసి మెట్టు మీద కూర్చుండిపోయింది.

"బసవా, ఆ ఆరెకరాలు కాలవకు ఎక్కడున్నాయి?"

"పిల్లకాలవ మీదే అక్కా. నిక్షేపంలాంటి రేగడి."

"పిల్లకాలవకు మొదలా, చివరా?"

అతను మెడ రుద్దుకున్నాడు. "చివరే. అందుకేగా చవక."

"ఇంత నీరుండగా మొదలేంటి, చివరేంటే!" అన్నాడు దశరథరామయ్య.

"కృష్ణలో నీళ్ళు లేకనా మీరు ఏటా నారు ఎండుతుంటే తూము దగ్గర కర్ర పట్టుకుని పడుకునేది? బెజవాడలో నిండుగానే ఉంటుందిగా! పైవాళ్ళందరూ తాగాకే కదండీ మన వంతు?"

బేరం చూడటానికి వచ్చినప్పుడు ఆయన మట్టి పిసికి చూశాడు, బండి బాట అడిగాడు, పక్క రైతులెవరో కనుక్కున్నాడు. కాలవ చివర పుట్టి పెరిగిన మనిషి, ఈ నీళ్ళు చూసిన మైకంలో ఆ ఒక్కటీ అడగలేదు.

"మా నాన్న ఇచ్చింది వదులుకుని మళ్ళీ చివరనే కూర్చోమంటే కూర్చోను," అంది ఆదిలక్ష్మి. "మొదటి తూముల కింద చూపించు బసవా. తక్కువొచ్చినా సరే."

"ఉంది గాని మూడెకరాలే వస్తదక్కా."

"రానీ."

దశరథరామయ్య ఆమె మొహంలోకి వంగి చూశాడు. "అంటే ఒప్పుకున్నట్టేనా?"

"ముందు చూడనివ్వండి. రాత్రికి బసవ ఇంట్లో ఉండి, రేపు పొద్దున్నే."

"రేపా?" సీతారావమ్మ గతుక్కుమంది. "గేదెలకు కుడితి ఎవరు పెడతారే? ఇక్కణ్ణుంచి కేకేస్తావా?"

"బస్సులో మన తోమాసు పోతున్నాడుగా అత్తయ్యా, పక్కింటి కోటేశ్వరికి కబురు చెబుతాడు."

పైన డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. ఆదిలక్ష్మి వాళ్ళను తప్పించుకుని లోపలికి వెళ్ళి, సీటు కింది నుంచి తమ చేతిసంచి లాగి, దించుకుంది.