తాలుకాయల పరీక్ష

మిరపకాయల వ్యాపారంలో సరుకు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వదలాలో తెలిసినవాడే నిలబడతాడు. హుజూర్‌నగర్‌లో నాకు ఆ పేరుంది. నా భార్య గోవిందమ్మ తల విషయంలో మాత్రం ఆ తెలివే నన్ను ముంచబోయింది.

యుద్ధం రోజులవి. ఎడతెగని తలనొప్పితో ఉన్న ఆమెను పట్నం దవాఖానకు తీసుకుపోయాను. ఎక్స్‌రే తీసి, కళ్లలోకి లైటు వేసి చూసి పెద్ద డాక్టరు చెప్పాడు: "మెదడు పక్కన నీటితిత్తి ఉన్నది. చెడ్డ గడ్డ కాదు. ఇప్పుడు కోస్తే ప్రాణానికి ముప్పు. కోయకుంటే ఏండ్ల తరబడి అట్లనే ఉండొచ్చు. చూపు మందగిస్తే మాత్రం తిత్తి పెరుగుతున్నట్టు. ఆ రోజే బయల్దేరి రావాలె."

ఆగడం నాకు చేతనైన పనే అనుకున్నాను. కానీ తెల్లవారితే చాలు, ఆమె చూపు మందగించిందేమోనని భయం. "కనబడ్తాందా?" అని అడిగితే, "నీకంటె మంచిగనే కనబడ్తాంది, పో!" అని కసిరేది. అడగడం మాని నాకు తెలిసిన పరీక్ష పెట్టాను. రోజూ గంపెడు మిరపకాయలు ముందు పోసి, రంగు వెలిసిన తాలుకాయలు ఏరమనేవాణ్ణి. ఒక్కటీ తప్పేది కాదు. ఎరుపేదో తెలుపేదో తెలుస్తున్నన్నాళ్లు ఫికరు లేదని సముదాయించుకునేవాణ్ణి.

ఎండాకాలం అకాల వానకు తడిసిన బస్తా ఒకటి వచ్చింది. ఆ రోజు ఆమె ఏరిపెట్టిన మంచికాయల కుప్పలో సగం తెల్లవే. పొడిగా ఉంటే తాలుకాయ చేతికి తేలిగ్గా తగులుతుంది; తడిస్తే మంచికాయలాగే బరువెక్కుతుంది. అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ ఆమె ఏరింది వేళ్లతోనే. చిన్ననాటి నుంచి చేసిన పనికి కళ్లెందుకు?

"ఏమే, ఎప్పటిసంది కనబడ్తలేదు?"

"బతుకమ్మ పండుగ కాడికెల్లి."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే కోయిస్తవు. కోసెటోళ్లు గుండు గీకుతరు. నువ్వు బతికుండంగనే నన్ను ముండమోపిని చేస్తవా?"

"వెంట్రుకలు మళ్ల మొలుస్తయి. కండ్లు మొలుస్తయా?"

ఆ పూటే బొగ్గుతో నడిచే బస్సెక్కాం. దారిలో ఆమె రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆ పొగ వల్లేననుకుని నేను బస్సును తిట్టుకుంటూ కూర్చున్నాను.

డాక్టరు ఆమె కళ్లు చూసి నా మీద మండిపడ్డాడు. "పోయిన చూపు రాదు. మిగిలింది నిలవాలంటే రేపే కోయాలె. బల్ల మీదనే పోయినా పోవచ్చు. ఏమంటరు?"

ప్రతిదానికీ బేరమాడే నేను లాభనష్టాలు లెక్కవేస్తూ నిలబడ్డాను.

"తల నాది. ఆయన్ని అడుగుతరేంది?" అంది గోవిందమ్మ. "కోయుండ్రి. గాని మంగలొచ్చినప్పుడు ఈయన నా పక్కన కూసోవాలె. నా మొగుడు బతికే ఉన్నడని సూసెటోళ్లకు తెల్వాలె."

తెల్లవారి మంగలి కత్తి నూరుతుంటే ఆమె పక్కనే కూర్చున్నాను. వరండాలో పోయే ప్రతివాడికీ కనబడేలా కాస్త ముందుకు జరిగాను.