సెవియా జాతరలో సీతాఫలం

శైలజ స్పెయిన్‌లోని సెవియాకు వచ్చి ఏడు నెలలైంది. అమ్రాబాద్ పక్క ఊళ్లో గొర్రెలు కాసే ఇంట పుట్టి, పశువైద్యం చదివి, పరిశోధనకని ఇంత దూరం వచ్చింది. ఏప్రిల్‌లో వసంత జాతర మొదలైందని, తప్పక చూడాలని ల్యాబ్‌లో అందరూ చెప్పారు. వెంట రమ్మని మాత్రం ఎవరూ అనలేదు. ఓ మధ్యాహ్నం తానే బయల్దేరింది.

మైదానంలో అడుగు పెట్టగానే కాళ్ల కింద నేల పసుపు రంగుకు తిరిగింది. ఆ మెత్తటి మట్టి లేచి, ఎండలో కలిసి, మనుషుల చుట్టూ వెలుగులా నిలిచింది. పైన కాగితపు లాంతర్లు ఊగుతున్నాయి. చుక్కల గౌన్ల ఆడవాళ్లు కుచ్చుల అంచులు ఎత్తిపట్టుకుని, నీళ్లలో నడిచినట్టు సాగిపోతున్నారు. ఇరువైపులా చారల గుడారాలు. లోపల పాటలు, చప్పట్లు. కానీ అవి చాలావరకు ఎవరో ఒకరి సొంతం, పిలిస్తేనే లోపలికి. శైలజ ఒక్కో గుమ్మం ముందు ఆగి, పాట విని, ముందుకు కదిలింది. కలలో నడుస్తున్నట్టే ఉంది. ఆ కలలో తానెవరికీ కనబడనట్టూ ఉంది.

మలుపులో ఒక బండి ఆగిపోయింది. బండికి కట్టిన కంచరగాడిద ముందుకాలు నేలకు ఆనించడం లేదు. బండివాడు కళ్లెం గుంజిన కొద్దీ తల విదిలిస్తోంది. శైలజ ఆలోచించలేదు. దగ్గరికి పోయి దాని మెడ మీద అరచెయ్యి పెట్టింది.

"ఓ... ఓ... ఏం గాలే తల్లీ. జర కాలెత్తు."

మందలో బెదిరిన గొర్రెతో వాళ్ల నాయిన గాలయ్య మాట్లాడే తీరది. కంచరగాడిద నెమ్మదించింది. డెక్క సందులో గులకరాయి ఇరుక్కుని ఉంది. జడ పిన్ను తీసి దాన్ని పెకలించింది.

బండిలోంచి ఎర్ర గౌను ముసలామె వంగి చూసింది. "దానితో ఏ భాషలో మాట్లాడావు?"

"మా ఇంటి భాషలో," అంది శైలజ, వచ్చీరాని స్పానిష్‌లో.

"దానికి బాగా అర్థమైందే! ఎక్కు."

ఆమె పేరు రొసారియో. బండి గంటల చప్పుడుతో జాతరంతా తిరిగి వాళ్ల కుటుంబపు గుడారం ముందు ఆగింది. లోపల రొసారియో శైలజ చెయ్యి పట్టుకుని ఆట నేర్పింది. "చెట్టు మీది ఆపిల్ తెంపు, కొరుకు, పారెయ్!" మణికట్లు అట్లా తిరగాలట. మూడో పాటకు శైలజ చేతులు వాటంతటవే తిరిగాయి.

ఊపిరి ఆడనంత సంతోషంలో అమ్మకు వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దు గూకింది. మంద పక్కన కూచున్న బక్కమ్మ ఆట చూసి తానూ చెయ్యెత్తి తిప్పింది.

"అమ్మా, ఆపిల్ తెంపుతున్నట్టు తిప్పాల్నే!"

"మనకాడ ఆపిల్ చెట్లు యాడున్నయే? నేను సీతాఫలం తెంపుతున్న!"

వెనక గాలయ్య పకపకా నవ్వాడు. ఏమంటోందని రొసారియో అడిగింది. సీతాఫలానికి స్పానిష్ మాట తెలియక శైలజ చేతులతో చూపించింది: ఆకుపచ్చ, పైన బుడిపెలు, లోపల తెల్లటి గుజ్జు, నల్ల గింజలు.

"చిరిమోయా!" అని అరిచింది రొసారియో. సీతాఫలం జాతి పండే అది, ఇక్కడా పండుతుందట, గ్రనడా వైపు తీరంలో.

తర్వాతి పాటకు గుడారమంతా చిరిమోయాలే తెంపింది.