బయ్యన్న మంచం మీది మబ్బు

ప్రతి ఉదయం బయ్యన్న, ఆయన భార్య తిమ్మక్క కలిసి మబ్బును చేనిదాకా నడిపించుకొని వెళ్ళేవారు. ఇప్పుడు ఆ అలవాటు లేదు. తిమ్మక్క ఒక్కతే వెళుతుంది, చేతుల్లో పట్టుకోవడానికి ఏమీ లేకుండా.

వేరుశనగ వరుసగా ఎండిపోయిన ఏళ్ళలో ఆ మబ్బు మంద తప్పి వారి దొడ్డిలో మేకల మధ్య దిగింది. అప్పట్లో బర్రెదూడంత ఉండేది. తిమ్మక్క దానికి పలుపు కట్టింది. ఉదయం సంగటికి ఎసరు పెట్టినప్పుడు అది పొయ్యి మీదికి వంగి ఆవిరి తాగేది. చేనికి తీసుకువెళితే ఒక సాలు తడిపేది. రాత్రిళ్ళు బయ్యన్న మంచం మీద ఆగి నిద్రపోయేది.

బయ్యన్నకు ఆ చెమ్మ అవసరం. వయసంతా తాడిపత్రిలో బండలు కోసి నునుపు చేసిన మనిషి ఆయన. ఆ దుమ్ము రొమ్ములో గడ్డకట్టింది. మబ్బు కింద పడుకుంటే ఊపిరి ఆడేది. అది పక్కకు జరిగితే తెల్లవార్లూ గోడకు ఆనుకొని కూర్చోవలసి వచ్చేది.

ఆయన చెక్కభజన గురువు కూడా. గజ్జెలు కట్టుకొని, చెక్కలు చేతబట్టి, గుండ్రంగా తిరుగుతూ పాడే ఆ ఆటను కోతలైనప్పటి నుంచి ఊరి ఆడపిల్లలకు నేర్పుతున్నాడు. ఊళ్ళో ఆడపిల్లల జట్టు కట్టడం అదే మొదలు. ఉగాది దాటిన ఆదివారం మండలంలో వసంతోత్సవం ఏర్పాటైంది. ఉదయం పిల్లలు బొమ్మలు గీయడం, మధ్యాహ్నం మారుతున్న వాతావరణం మీద సభ, సాయంత్రం చెక్కభజన. ఆ సాయంత్రమే పిల్లల గజ్జెపూజ, అంటే పదిమంది ముందు వారి తొలి ఆట. గురువు ముందుగా తన గజ్జె కట్టుకోవాలి. కట్టుకున్నాక మంగళం పాడేదాకా ఆగకూడదు. ఆయన గొంతు మధ్యలో ఆగిపోతే ఆ పిల్లల చదువు చెల్లదు. వారు మరో గురువు దగ్గర మొదటి అడుగు నుంచి నేర్చుకోవలసిందే.

ఆ నెలంతా మబ్బుకు నిలకడ లేదు. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేది. పడమటి కిటికీకి ఒత్తుకొని నిలబడేది. ఏటేటా ముదురుతున్న ఎండలకు తరిగి తరిగి, మేకపిల్లంత మిగిలింది.

"ఏమయ్యా, మంగళం దాకా పాడేకి నీకు ఊపిరి యాడుండాది?" అని అడిగింది తిమ్మక్క, పలుపుకు రెండో ముడి వేస్తూ.

"మబ్బు ఉండాది గదే."

"అది నిలబడితే గదా. రాత్రంతా పెరుకుతానే ఉండాది."

"దాని మంద అట్లా పోతాండాది, బళ్ళారి దిక్కున. ఈ ఎండాకాలం అది ఈడ దాటదు తిమ్మీ. మందలో కలిస్తే బతుకుతాది."

"అది పోతే నువ్వు బతుకుతావా?"

బయ్యన్న అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి మళ్ళీ ఇటు తిరిగాడు. తిమ్మక్క మూడో ముడి వేసింది.

ఆదివారం మధ్యాహ్నం షామియానా కింద ఉపన్యాసాలు సాగుతూనే ఉన్నాయి. ఎండ గురించి మాట్లాడినవారంతా చెమట తుడుచుకున్నారు. ఉత్సవం బాధ్యత తీసుకున్న విష్ణువర్ధన్ కుర్చీల మధ్య నుంచి పరుగున వచ్చి, తిమ్మక్క చేతిలోని పలుపు కొస పైకి చూశాడు. మబ్బు తువ్వాలంత అయింది.

"ఏమక్కా, ఇంతేనా? పోస్టర్లో మబ్బును ఎంత పెద్దదేసినాము!"

"పోస్టర్లో నీకు కూడా తల నిండా జుట్టుండాది కదప్పా."

జట్టులో ముందు నిలబడే హేమ పకపకా నవ్వింది. అంతలోనే బయ్యన్న దగ్గు విని నవ్వు ఆపుకొంది.

"తాతా, నువ్వు గజ్జె కట్టుకోవద్దులే. వచ్చే ఏడు సూస్కుందాం."

"వచ్చే ఏడు నీకు పెండ్లి చేస్తే?"

"చేసుకుంటే గదా!"

"అయితే ఇప్పుడే కట్టుకో. నా దగ్గుకు భయపడొద్దు. అది కూడా తాళంలోనే వస్తాది."

ఆయన వంగి కుడికాలికి గజ్జె కట్టుకున్నాడు. తిమ్మక్క ఆ కాలివైపు చూడలేదు.

షామియానా ముందరి నేల మీద పిల్లలు వలయంగా నిలబడ్డారు. తిమ్మక్క మబ్బును ఆయన తల మీదికి నడిపించి, పలుపు చేతికి చుట్టుకొని వెనక నిలబడింది. పల్లవి బాగానే లేచింది. చెక్కలు ఒక్కటిగా మోగాయి. రెండో చరణానికి ఆయన గొంతు సన్నబడింది. మూడో చరణంలో మాటకూ మాటకూ మధ్య ఈల వంటి చప్పుడు వినిపించింది. పిల్లలు ఆయన ముఖమే చూస్తూ అడుగులు వేస్తున్నారు.

పడమట బళ్ళారి వైపు నుంచి మబ్బులు వస్తున్నాయి, నెమ్మదిగా, ఊరిని చూడనట్టు పక్కగా. తిమ్మక్క చేతిలో పలుపు బిగిసింది. ఆమె మడమలు తన్నిపెట్టి లాగింది. మబ్బు సాగింది. ఏకిన దూదిలా పలచబడి, దానిలోనుంచి ఎండ కనిపించసాగింది. ఇంకొంచెం లాగితే తెగుతుంది. తెగిన మబ్బు ఎవరికీ దక్కదు. బయ్యన్న చెక్కలు ఆడుతున్నాయి గాని నోట మాట సగం సగమే వస్తోంది.

తిమ్మక్క మొదటి ముడి విప్పింది. రెండోది పళ్ళతో లాగింది. మూడోది దానంతటదే జారింది.

మబ్బు వెనుదిరగకుండా పైకి వెళ్ళి మందలో కలిసింది. మంద ఆగింది. పక్కగా పోవలసినది ఊరి మీదికి మళ్ళింది. పెద్ద పెద్ద చినుకులు దుమ్ములో గుంటలు చేస్తూ పడ్డాయి. జనం కుర్చీలు తల మీద పెట్టుకొని షామియానా కిందికి జరిగారు. విష్ణువర్ధన్ మైకు మీద తువ్వాలు కప్పాడు. పిల్లల వలయం ఆగలేదు.

బయ్యన్న ముఖం పైకెత్తి నోరు తెరిచాడు. తడిగాలి రొమ్ము నిండా దిగింది. తాడిపత్రికి పోకముందు ఉండిన గొంతుతో ఆయన మిగిలిన చరణాలు పాడాడు. మంగళం పాడాడు. తరువాత గజ్జె విప్పి, చెక్కలు హేమ చేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి పల్లవి నువ్వెత్తుకో."

"నువ్వు రావా తాతా?"

"కూర్చొని వింటా. తప్పు పాడితే దగ్గుతా."

ఇంటికి చేరేసరికి వాన వెలిసింది. గదిలో మంచం మీద ఏమీ లేదు. ఇద్దరూ అటు చూశారు. బయ్యన్న పొడి పంచె చుట్టుకొని, తడిసిన దాన్ని దొడ్డిలోకి తెచ్చి ఒక కొస ఆమెకు అందించాడు.

"గట్టిగా తిప్పే."

"నేను గట్టిగానే తిప్పుతాండా. నువ్వే సడలిస్తాండావు."

"సరే, పట్టు."

ఆయన కుడికి, ఆమె ఎడమకు మెలిపెట్టారు. నీళ్ళు పాదాల మీదుగా కారి నేలలో ఇంకాయి. ఇంకొకసారి మెలిపెట్టారు. తరువాత పంచెను చెరొక వైపు పట్టుకొని, ముడతలు పోయేటట్టు దులిపి, దండెం మీద ఆరవేశారు.