తోస్తే గానీ తిరగని పళ్లెం

మామగారి టర్న్‌టేబుల్ రెండు నెలలుగా మొరాయిస్తోంది. స్విచ్ వేస్తే లోపల మోటారు గుర్రుమనేది, పైన పళ్లెం ఉలిక్కిపడినట్టు ఒకసారి కదిలి ఆగిపోయేది. ఆయన చూపుడువేలితో అంచును నెడితే అప్పుడు బద్ధకంగా తిరగడం మొదలుపెట్టేది. ఆదివారం మధ్యాహ్నాలు రికార్డులు వినడానికి వచ్చే పాత ఆఫీసు స్నేహితులు ముగ్గురూ అది చూసి, "ఏమయ్యా, తోపుడుబండి బయల్దేరిందా?" అని ఏడిపించేవారు. ఆయనకు నవ్వు వచ్చేది కాదు.

ఇంట్లో మోటార్లు బాగుచేసే మనిషి లేక కాదు. కోడలు ఐదేళ్లుగా వైండింగ్ షాపులో పనిచేస్తోంది. కాలిపోయిన ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు ఆమె చేతిలో పడితే మళ్లీ ఊపిరి పోసుకుంటాయి. కానీ మామగారి లెక్కలో ఫ్యాన్లు వేరు, పాటల పెట్టె వేరు. "అది సున్నితమైన వస్తువమ్మా" అని తప్పించుకునేవాడు. పైగా, గది తుడిచేటప్పుడు కోడలు దాన్ని జరిపిందనీ, అప్పటినుంచే ఈ రోగం పట్టుకుందనీ కొడుకు దగ్గర రెండుసార్లు అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడనే పడింది. మనసు చివుక్కుమంది.

ఒక శనివారం పొద్దున, ఎంత నెట్టినా పళ్లెం తిరగలేదు. తెల్లారితే స్నేహితులు వస్తారు. ఆయన కాసేపు అటూ ఇటూ పచార్లు చేసి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, నీకు తీరికుంటే ఒకసారి..."

"చూస్తాను మామయ్యా" అంది, మిగతా మాట ఆయనచేత అనిపించకుండా.

బల్ల మీద పాత దుప్పటి పరిచి, ప్లగ్గు పీకి, పళ్లెం ఎత్తి పక్కన పెట్టింది.

"బెల్టు వదులైంది, అంతే" అన్నాడాయన.

"బిగువుగానే ఉంది, చూడండి." బెల్టు తీసేసి, పళ్లేన్ని మళ్లీ ఇరుసు మీద కూర్చోబెట్టి చేత్తో తిప్పింది. అది ఎంతసేపటికీ ఆగలేదు. "ఇక్కడా అడ్డేమీ లేదు. ఇప్పుడు ఏ బరువూ లేకుండా మోటారు ఒక్కటీ తిరుగుతుందేమో చూద్దాం."

ప్లగ్గు పెట్టి స్విచ్ వేస్తే మోటారు గుర్రుమంది. తిరగలేదు.

ఆమెకు ధైర్యం వచ్చింది. ఫ్యాన్లు ఇలా మొరాయిస్తే పదింట ఎనిమిది కెపాసిటర్ పోయినవే. "గంటలో తిప్పేస్తాను" అని, షాపుకు వెళ్లి సరిపోయేది తెచ్చి అతికించింది. స్విచ్ వేసింది. మళ్లీ అదే గుర్రు.

"నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నా, ఇది ఫ్యాను కాదని" అన్నాడు మామగారు.

ఆమె చెవులు వేడెక్కాయి. మళ్లీ ప్లగ్గు తీసి, మోటారును బయటికి లాగి, దాని ఇరుసును రెండు వేళ్ల మధ్య తిప్పి చూసింది. బంకలో దిగబడినట్టు కదిలింది. ముందు చూడాల్సింది ఇదే కదా అని తనను తానే తిట్టుకుంది. మూత విప్పితే ఇరుసు చుట్టూ గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది. అగ్గిపుల్లతో గీకి వాసన చూసింది. మిషను నూనె వాసన కాదు. కమురు కంపు కొడుతున్న వంటనూనె.

తలెత్తింది. మామగారు గోడ మీది క్యాలెండరును ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు.

అప్పుడే ఆమె భర్త లోపలికి వచ్చాడు. "ఏమైంది? దొరికిందా?"

రెండు నెలలు పడ్డ నిందను ఒక్క మాటతో తిప్పికొట్టవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లోపల నూనె గడ్డకట్టింది" అని ఊరుకుంది.

భర్త సరేనని వెళ్లబోయాడు. మామగారు క్యాలెండరు వైపే చూస్తూ అన్నాడు: "నేనేరా పోసింది. కీచుమంటుంటే రెండు చెంచాల వంటనూనె పోశాను. ఈ పిల్ల జరపడం వల్ల కాదు."

"చెంచాలా!" అని కొడుకు నోరు తెరిచాడు.

"నయం, ఉప్పు వెయ్యలేదు" అంది కోడలు. ముందు ఆమెకే నవ్వొచ్చింది, తరవాత ఆయనకు.

స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో జిగురంతా తుడిచింది. మిషను నూనె ఒక్క చుక్క వేసి, అన్నీ బిగించింది. ఈసారి స్విచ్ వేయగానే పళ్లెం ఎవరి సాయమూ లేకుండా తిరిగింది. ఆయన రికార్డు పెట్టకుండానే దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"షాపులో నువ్వు రాగితీగ చుడతావు కదా," అని అడిగాడు కాసేపయ్యాక, "ఒక్కో ఫ్యానుకు ఎన్ని చుట్లు?"

ఐదేళ్లలో ఆయన ఆమె పని గురించి అడగడం అదే మొదలు. ఆమె చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది.

మర్నాడు స్నేహితులకు వంటనూనె సంగతి ఆయనే పూసగుచ్చినట్టు చెప్పాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక ఒకాయన, "మా ఇంట్లో ఫ్యాను కూడా మొండికేసింది, మీ కోడలిని ఒకసారి పిలవవయ్యా" అన్నాడు.

"ఇవాళ ఆమెకు సెలవు" అన్నాడు మామగారు. "రేపు షాపుకు పట్టుకెళ్లు."