రెండో నీళ్ళు

ఓడ ఉద్యోగం చేసే మరిది హాంకాంగ్ నుంచి ఊలాంగ్ టీ డబ్బా తెచ్చిచ్చి చెప్పినదాంట్లో భ్రమరాంబకు ఒక్క మాటే బాగా గుర్తుండిపోయింది. "పాలొద్దు, పంచదారొద్దు వదినా. మరిగిన నీళ్ళు పోసి మూతపెట్టు. అవే ఆకుల్లో మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసుకోవచ్చు."

పొదుపంటే చెవి కోసుకునే ఇల్లాలు. సాయంత్రం భర్త విశ్వేశ్వరరావు బాలానగర్ ఫ్యాక్టరీ నుంచి రాగానే మొదటి నీళ్ళు తామిద్దరికీ వంచేది. తరవాత ఇల్లుగలావిడ చంద్రమ్మ వచ్చి గడపలో కూర్చుంటే, అవే ఆకుల్లో రెండో నీళ్ళు పోసి గ్లాసు చేతికిచ్చేది. ఆ రెండోది తనెన్నడూ నోట పెట్టలేదు. పల్లెటూరి మనిషి, ఆవిడకేం తెలుస్తుందిలే అనుకునేది.

కిందటేడు తెలంగాణ గొడవల్లో, ఆంధ్రావాళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యాలని గుంపు వస్తే, వాకిట్లో అడ్డంగా నిలబడింది ఈ చంద్రమ్మే. "నా ఇంట్ల కిరాయికున్నోళ్ళు నా మనుషులు. ఇగ పోండ్రి" అని తరిమేసింది.

ఓ రోజు చంద్రమ్మ కొంగులో సీతాఫలాలు మూటకట్టుకొచ్చింది. "నీ చాయ్ మస్తుంటది బిడ్డా. గింత మంచిది నాకెవ్వరు పోస్తరు? జర తిను."

భ్రమరాంబ పండు ఒలవకుండానే పక్కన పెట్టింది. తన బుద్ధి మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు కొత్త ఆకు వేసి, మొగుడికి కూడా ఇవ్వకుండా, మొదటి నీళ్ళు చంద్రమ్మకే పోసింది. రెండోవి తను తీసుకుంది.

చంద్రమ్మ ఒక్క గుటక వేసి మొహం చిట్లించింది. "ఏందమ్మా, ఇయ్యాల గిట్ల సప్పగున్నది? మీరు తాగంగ మిగిలింది పోసినవా ఏంది?" నవ్వుతూనే అంది గానీ, మనసు చిన్నబుచ్చుకున్నట్టు తెలుస్తూనే ఉంది.

"అయ్యో, లేదండీ!" భ్రమరాంబ కంగారులో తన గ్లాసు నోటికెత్తింది. రెండో నీళ్ళకి ఆకు బాగా విచ్చుకుని కమ్మగా పూల వాసన వేస్తోంది. అయితే ఇన్నాళ్ళూ మంచిదంతా ఆవిడకే పోసిందన్నమాట! కానీ మంచిదని పోసిందా? మిగిలిందని పోసింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

ఉన్నమాట చెప్పేద్దామని నోరు తెరిచింది. "నా మనుషులు" అన్న మాట గుర్తొచ్చి మాట మార్చేసింది.

"రేపు బాగా కాస్తానండీ" అంది.

మర్నాడు మళ్ళీ రెండో నీళ్ళే పోసింది. "గిదీ చాయంటే!" అని చంద్రమ్మ మురిసిపోయింది. అదే గ్లాసు, అవే నీళ్ళు; ఈసారి మాత్రం మంచివని పోసింది. తప్పు దిద్దుకున్నానని ఎవరితో చెప్పుకోవాలి? భ్రమరాంబ తల వంచుకుని తన వంతు మొదటి నీళ్ళు తాగింది.